ప్లాస్టిక్ పచ్చిక: ముందు పరిచారు, తర్వాత అడిగారు



శనివారం మా వాడు సాకర్ ఆడి ఇంటికి రాగానే మా ఆవిడ వాడి బూట్లు గుమ్మం బయటే విప్పించి దులుపుతుంది. దులిపినప్పుడల్లా ఆవగింజలంతేసి నల్లటి రబ్బరు పలుకులు గుప్పెడు రాలతాయి. సాక్సుల్లో, జేబుల్లో, ఒక్కోసారి చెవుల్లో కూడా. "ఇవి నోట్లోకి పోతే ఏమవుతుంది నాన్నా?" అని ఒకరోజు వాడే అడిగాడు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, కెమిస్ట్రీ ఇంటర్‌తోనే సరి. జవాబు తెలియక ఈ పచ్చిక చరిత్ర తిరగేశాను. ఆ కబుర్లే ఈవేళ మీతో పంచుకుంటాను.

నగరాల్లో పిల్లలకి ఆడుకునే నేల కరువైపోతోందన్న దిగులుతో మొదలైన కథ ఇది. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో నడిచిన ఒక సంస్థ ప్రోత్సాహంతో మోన్‌శాంటో కంపెనీ నైలాన్ పచ్చికను తయారుచేసింది. 1964లో రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లోని మోజెస్ బ్రౌన్ స్కూల్లో పరిచింది. అప్పట్లో దాని పేరు కెమ్‌గ్రాస్. అంటే రసాయనాల గడ్డి అని పేరులోనే చెప్పేశారు, ఎవరూ దాచలేదు!

1965లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ తెరిచారు. పైకప్పుకి పారదర్శకమైన పలకలు, కింద అసలైన గడ్డి. పలకల మెరుపుకి ఆటగాళ్ళకి బంతి కనబడలేదు. సరేనని పలకలకి రంగు వేశారు. ఎండ తగలక గడ్డి చచ్చిపోయింది. 1966లో దాని స్థానంలో కెమ్‌గ్రాస్ వచ్చింది, పేరు ఆస్ట్రోటర్ఫ్‌గా మారింది. మనవాళ్ళకి ఈ పచ్చిక గురించి తెలిసింది హాకీ వల్ల. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ మొదటిసారి దీనిమీద ఆడారు. 1928 నుంచి ప్రతిసారీ పతకం తెచ్చిన భారత జట్టు ఆ ఏడు ఏడో స్థానంతో ఇంటికి వచ్చింది.

అన్నేళ్ళలోనూ వాదనంతా మోకాళ్ళ దెబ్బలూ, ఒళ్ళు గీరుకుపోవడాల గురించే. అసలు ఇది దేనితో చేశారన్న ప్రశ్న అంతగా వినబడలేదు.

ఇక టైర్ల సంగతి. 1990 నాటికి అమెరికాలో సుమారు 100 కోట్ల పాత టైర్లు గుట్టలుగా పడివున్నాయని ప్రభుత్వ అంచనా. వాటిలో దోమలు, అంటుకుంటే నెలల తరబడి ఆరని మంటలు. అదే దశాబ్దంలో కొత్తరకం టర్ఫ్ వచ్చింది. పొడవాటి పాలిథిలీన్ పోచలు, మధ్యలో మెత్తదనానికి టైర్ల పొడి. ఒక్క మైదానానికి ఇరవై నుంచి నలభై వేల టైర్లు పడతాయి. చెత్త సమస్య తీరింది, పిల్లలకి మెత్తటి నేల దొరికింది. నిజంగా తెలివైన పనే. కానీ టైరుని చేసింది రోడ్డు మీద అరగడానికి, పిల్లలు పొర్లడానికి కాదు. అందులో కార్బన్ బ్లాక్, నూనెల నుంచి వచ్చే పి.ఎ.హెచ్. అనే రసాయనాలు, జింకు ఉంటాయి.

మొదటి గట్టి హెచ్చరిక అనుకోకుండా వచ్చింది. న్యూజెర్సీలోని నెవార్క్‌లో పాత ఇనుము వ్యాపారస్థలం కాలుష్యం గురించి అధికారులు పరీక్షలు చేస్తుంటే, పక్క మైదానంలో సీసం బయటపడింది. తీరా చూస్తే అది ఇనుము నుంచి వచ్చింది కాదు, నైలాన్ పచ్చిక రంగులోంచి వచ్చింది. 2008లో కొన్ని మైదానాలు మూసేశారు. వినియోగ వస్తువుల భద్రతా సంఘం మాత్రం పిల్లలకి ప్రమాదం లేదంటూనే, ఇకమీద సీసం వాడవద్దని తయారీదారులకి చెప్పింది.

తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయం సాకర్ కోచ్ ఏమీ గ్రిఫిన్ కాన్సర్ వచ్చిన ఆటగాళ్ళ జాబితా రాయడం మొదలుపెట్టింది. అందులో చాలామంది గోల్‌కీపర్లు, అంటే నేలమీద దూకి పడేవాళ్ళు. 2014లో ఈ వార్త దేశమంతా పాకింది. 2017లో ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కలు చూసి, ఆ వయసువాళ్ళలో మామూలుగా ఉండేదానికంటే ఎక్కువ కేసులు లేవంది. జాబితా చూసి భయపడినవాళ్ళు ఈ మాట కూడా వినాలి.

కేంద్ర ప్రభుత్వం 2016లో పెద్ద పరిశోధన మొదలుపెట్టింది. మొదటిభాగం 2019లో, రెండోభాగం 2024లో వచ్చాయి. పొడిలో రకరకాల రసాయనాలున్నాయి, అయితే వాటిలో ఆటగాళ్ళ ఒంట్లోకి చేరేది తక్కువగానే ఉన్నట్టుందని తేల్చారు. ఇది ప్రమాదాన్ని లెక్కగట్టే నివేదిక కాదని కూడా వాళ్ళే రాశారు.

ఈలోగా ప్రశ్న మైదానం దాటింది. టైర్లలో వాడే ఒక రసాయనం ఓజోన్‌తో కలిసి మారి, వానకి కొట్టుకుపోయి, వాషింగ్టన్ రాష్ట్రపు వాగుల్లో కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020లో కనిపెట్టారు. అది రోడ్ల మీది టైర్ల సంగతే అయినా, మైదానాల్లో పోసేదీ ఆ టైర్ల పొడే. ఇలాంటి పొడి మైక్రోప్లాస్టిక్‌గా నేలలోకీ నీటిలోకీ చేరుతోందని యూరోపియన్ యూనియన్ 2023లో నిబంధన తెచ్చింది. 2031 నుంచి అక్కడ అమ్మకూడదు. అదే 2023లో కాలిఫోర్నియా, కృత్రిమ పచ్చికను నిషేధించుకునే అధికారం ఊళ్ళకి తిరిగి ఇచ్చింది.

ఒక టర్ఫ్ మైదానం ఆయుష్షు సుమారు ఎనిమిది నుంచి పదేళ్ళు. ప్రభుత్వ పరిశోధన పూర్తికావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. అంటే జవాబు వచ్చేసరికి ఆ మైదానం చిరిగిపోయింది, దానిమీద ఆడిన పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయారు. మా వృత్తిలో టెస్టింగ్ చేయకుండా ప్రోగ్రామును కస్టమర్‌కి పంపితే ఉద్యోగం ఊడుతుంది. ఇక్కడ అరవై ఏళ్ళుగా జరిగింది అదే.

మా వాణ్ణి ఆట మాన్పించలేదు. పిల్లలు పరిగెత్తకపోతే వచ్చే నష్టం మనకి తెలిసిందే. ఆడాక చేతులు కడుక్కోమంటున్నాం, నీళ్ళ సీసా నేలమీద పెట్టవద్దంటున్నాం, మండుటెండలో టర్ఫ్ కాలిపోతుంది కనుక ఆ వేళ వద్దంటున్నాం. మా ఊళ్ళో కొత్త మైదానం మాట వచ్చినప్పుడు మీటింగుకి వెళ్ళి మూడు ప్రశ్నలు అడిగాను. పోచల మధ్య ఏం పోస్తారు? దాన్ని పరీక్షించింది అమ్మేవాడా, వేరే ఎవరైనానా? పాడయ్యాక ఎక్కడ పారేస్తారు? మూడోదానికి ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇప్పుడు హైదరాబాదులో కూడా గంటకింత అని అద్దెకిచ్చే టర్ఫ్‌లు వీధివీధికీ వచ్చాయి. మీ అన్నదమ్ముల పిల్లలు అక్కడే ఆడుతుంటారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఈ మూడు ప్రశ్నలూ వాళ్ళకీ చెప్పండి. పరిచాక కాదు, పరవకముందే అడగమనండి.