యజమాని ఆదేశంపై సాఫ్టువేరు లైసెన్సు ఉల్లంఘన

కార్యాలయంలో సాఫ్టువేరును లైసెన్సు లేకుండా గానీ, కొన్న లైసెన్సు పరిమితిని మించి గానీ వాడవలసిందిగా యజమాని లేదా పై అధికారి ఉద్యోగిని ఆదేశించడం సాఫ్టువేరు చౌర్యంలో తరచుగా ఎదురయ్యే సందర్భం. చిన్న సంస్థలలో ఈ ఆదేశం కాగితంపై ఉండదు. "ప్రస్తుతానికి ఎక్కించు, తరువాత కొందాం" అన్న నోటిమాటగానే వస్తుంది. ఆజ్ఞ యజమానిది కనుక తప్పు కూడా ఆయనదేనని చాలామంది ఉద్యోగులు భావిస్తారు. భారతదేశపు చట్టం దీనిని అలా చూడదు.

ఉల్లంఘన రూపాలు

సాఫ్టువేరును కొనడమంటే దానిని వాడుకునే అనుమతిని, కొన్ని షరతులతో, కొనడమే. ఒక కంప్యూటరుకు కొన్న ప్రతిని పది కంప్యూటర్లలో ఎక్కించడం, క్రాక్ చేసిన ప్రతిని వాడడం అందరికీ తెలిసిన ఉల్లంఘనలు. అంతగా గుర్తించనివి మరికొన్ని ఉన్నాయి. కొత్త కంప్యూటరుతో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సు సాధారణంగా ఆ యంత్రానికే పరిమితం. వ్యక్తిగత అవసరాలకు మాత్రమే ఉచితమైన సాఫ్టువేరును వ్యాపారంలో వాడడం, విద్యార్థుల లైసెన్సుతో ఖాతాదారుల పని చేయడం కూడా ఉల్లంఘనలే. ఆటోకాడ్ పాత విద్యార్థి ప్రతులతో గీసిన చిత్రాలను అచ్చువేస్తే అంచున ఆ సంగతి తెలిపే ముద్ర పడేది. స్వేచ్ఛా సాఫ్టువేరుకూ షరతులు ఉంటాయి. జీపీఎల్ లైసెన్సు గల ప్రోగ్రామును మార్చి, సోర్సు కోడు ఇవ్వకుండా ఇతరులకు పంపిణీ చేయమని ఆదేశించడం ఈ కోవలోనిదే.

అయితే ప్రతి నకలూ నేరం కాదు. చట్టబద్ధంగా ప్రతిని పొందినవారు అది పోయినా, పాడైనా పనికివచ్చేలా బ్యాకప్ ప్రతిని చేసుకోవడానికి కాపీరైటు చట్టం 52వ సెక్షను అనుమతిస్తుంది.

చట్టం

1957 నాటి కాపీరైటు చట్టానికి 1984లో చేసిన సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు సాహిత్య రచనల నిర్వచనంలో చేరాయి. 1994 సవరణ 63బి సెక్షనును చేర్చింది. చట్టవిరుద్ధమైన ప్రతి అని తెలిసీ దానిని కంప్యూటరులో వాడినవారికి 7 రోజుల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. లాభం కోసం గానీ, వ్యాపారంలో భాగంగా గానీ వాడలేదని రుజువైతే న్యాయస్థానం జైలుశిక్ష విధించకుండా 50,000 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. కార్యాలయానికి ఈ వెసులుబాటు దొరకడం కష్టం.

63వ సెక్షను తెలిసి ఉల్లంఘించినవారితో పాటు అందుకు ప్రేరేపించినవారిని కూడా శిక్షిస్తుంది. ఈ రెండు సెక్షన్లను కలిపి చదివితే ఆదేశించినవారు, ఎక్కించినవారు, తెలిసి వాడినవారు ముగ్గురూ చట్టం పరిధిలోకి రాగలరు. సంస్థ నేరం చేసినపుడు దాని వ్యవహారాలకు బాధ్యులైనవారు కూడా దోషులేనని 69వ సెక్షను చెబుతుంది. తమకు తెలియకుండా జరిగిందని, లేదా నివారించడానికి తగిన శ్రద్ధ తీసుకున్నామని రుజువు చేసుకోగలిగితే వారు బయటపడవచ్చు. 63వ సెక్షను కింది నేరంలో వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, అది బెయిలు హక్కుగా లభించని నేరమని 2022లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

యజమాని హామీకి విలువ

"ఏమైనా వస్తే నేను చూసుకుంటాను" అన్న మాటకు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోనే సమాధానం ఉంది. యజమాని పనిని సద్బుద్ధితో చేసిన ప్రతినిధికి దానివల్ల కలిగే నష్టాన్ని యజమాని భరించాలని 223వ సెక్షను అంటుంది. చేయించిన పని నేరమైతే, హామీ ఇచ్చినా సరే, ఆ బాధ్యత ఉండదని 224వ సెక్షను స్పష్టం చేస్తుంది. చట్టం ఇచ్చిన ఉదాహరణలో ఒకడు మరొకడిని కొట్టడానికి మనిషిని పెట్టి, ఫలితాన్ని తానే భరిస్తానంటాడు. కొట్టినవాడు చెల్లించిన పరిహారాన్ని అతడి నుండి రాబట్టుకోలేడు.

2005లో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విచారించిన కేసు దీనికి కొంత దగ్గరిది. పోటీ సంస్థ అమ్మిన హ్యాండ్‌సెట్లలోని ఎలక్ట్రానిక్ సీరియల్ నంబరును మార్చి తమ నెట్‌వర్కులోకి తెచ్చారని ఒక టెలిఫోను సంస్థ ఉద్యోగులపై ఆరోపణ. శిక్షాస్మృతి సెక్షన్లను కోర్టు కొట్టివేసింది గానీ, సమాచార సాంకేతిక చట్టం 65వ సెక్షను, కాపీరైటు చట్టం 63వ సెక్షను కింద దర్యాప్తును ఆపలేదు. నేరం జరిగిందా అన్నది ఆ దశలో తేలలేదు. కేసును ఎదుర్కోవలసి వచ్చినది మాత్రం ఉద్యోగులు.

ఉద్యోగి చేయదగినవి

మొదట వాస్తవం తెలుసుకోవాలి. ఉద్యోగికి తెలియకుండా సంస్థ వాల్యూమ్ లైసెన్సు కొని ఉండవచ్చు. కొనుగోలు బిల్లు, లైసెన్సు పత్రం చూపమని అడగడంలో అవిధేయత ఏమీ లేదు. లైసెన్సు చాలదని తేలితే ఆ విషయాన్ని నిందారోపణ లేకుండా వ్రాతపూర్వకంగా తెలపడం మేలు. "మన వద్ద 5 లైసెన్సులు ఉన్నవి, 12 కంప్యూటర్లకు అవసరం, మిగిలిన 7 కొనడానికి అనుమతి ఇవ్వగలరు" అన్న రెండు వాక్యాల ఈమెయిలు చాలు. నోటిమాటతో వచ్చిన ఆదేశానికి అది సాక్ష్యమవుతుంది, యజమానికి వెనక్కు తగ్గే అవకాశమూ ఇస్తుంది. తన సొంత పేరిట ఉన్న లైసెన్సును కార్యాలయపు కంప్యూటరులో ఎక్కించి సమస్యను దాటవేయడం మంచిది కాదు.

ఏసీఎం, ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ ఆమోదించిన సాఫ్టువేరు ఇంజనీర్ల నీతినియమావళి అక్రమంగా పొందిన సాఫ్టువేరును తెలిసి వాడరాదని చెబుతుంది. ఉల్లంఘన కనబడితే ముందుగా సంబంధిత వ్యక్తులకే చెప్పాలని, అది అసాధ్యమైనపుడో, ప్రమాదకరమైనపుడో తగిన అధికారులకు తెలపాలని సూచిస్తుంది. 2013 కంపెనీల చట్టం 177వ సెక్షను ప్రకారం స్టాకు ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలు ఇటువంటి ఫిర్యాదులకు అంతర్గత ఏర్పాటు చేయాలి. అయితే ఆదేశాలు ఎక్కువగా నోటిమాటతో నడిచే చిన్న సంస్థలకు ఈ నిబంధన వర్తించదు. ఫిర్యాదుదారుల రక్షణకై 2014లో చేసిన చట్టం కూడా ప్రభుత్వోద్యోగుల అక్రమాలకు సంబంధించినదే. అందువల్ల ప్రైవేటు ఉద్యోగి నిరాకరిస్తే ఉద్యోగం పోయే ప్రమాదం నిజమైనది.

ప్రత్యామ్నాయాలు

నిరాకరణతో పాటు మరో దారి చూపితే యజమానులు వినే అవకాశం ఎక్కువ. లిబ్రే ఆఫీసు, గింప్, ఇంక్‌స్కేప్, క్యూజీఐఎస్ వంటివి రుసుము లేకుండా వ్యాపారంలోనూ వాడుకోవచ్చు. అన్ని చోట్లా ఇది సులభం కాదు. అను ఫాంట్లతో పేజీలు కూర్చే తెలుగు డీటీపీ కేంద్రాల పాత ఫైళ్ళు యూనికోడులో ఉండవు. వాటిని వేరొక సాఫ్టువేరులోకి తేవాలంటే ముందు పాఠాన్ని యూనికోడులోకి మార్చి, ప్రూఫు దిద్ది, పేజీలను తిరిగి కూర్చవలసి ఉంటుంది.