మూడడుగుల ఎడం

మా అమ్మ ఫొటోల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ, నన్ను ఏళ్ల తరబడి ఉసూరుమనిపించిందీ ఒకటే. 1979లో మా పెద్దమ్మాయి బారసాల నాటిది. సాయంత్రం కరెంటు పోయింది. అమ్మ లాంతరు పక్కన కూర్చుని మనవరాల్ని ఒళ్లో వేసుకుంది. మా మరిది విదేశం నుంచి తెచ్చిన పాత కెమెరా ఒకటి మావారి దగ్గర ఉండేది. "దీనికి దీపం వెలుగు చాలు" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ గొప్పగా చెప్పేవారు. ఆ ధైర్యంతోనే నేను కెమెరా అందుకున్నాను. అమ్మ మొహం నిండుగా రావాలని జరిగి జరిగి, రెండడుగుల దూరంలోకి వెళ్లి నొక్కాను.

రీలు కడిగించి చూస్తే ఏముంది? అమ్మా, పాపా పొగమంచులో కూర్చున్నట్టున్నారు. వాళ్ల వెనకున్న ఉయ్యాల గొలుసు మాత్రం లింకు లింకూ లెక్కపెట్టుకునేట్టు వచ్చింది! "నీ చెయ్యి వణికింది" అని తేల్చేశారు మావారు. కాదనడానికి నా దగ్గర సాక్ష్యమేదీ? నలభై ఏళ్ల పైన ఆ నేరం మోశాను.

ఈమధ్య పాత కెమెరాల చరిత్ర చదువుతుంటే అసలు సంగతి బోధపడింది. కెమెరాల గొడవ మనకెందుకని పేజీ తిప్పేయకండి. ఇది సూదిలో దారం ఎక్కించే కథలాంటిదే.

జర్మనీలో వెట్స్‌లార్ అనే ఊళ్లో లైట్జ్ కంపెనీ మైక్రోస్కోపులు తయారుచేసేది. అక్కడ పనిచేసే ఆస్కార్ బార్నాక్‌కి ఉబ్బసం. ఆ రోజుల్లో కెమెరా అంటే పెద్ద పెట్టె, గాజు పలకలు, మూడుకాళ్ల స్టాండు. అంత బరువు మొయ్యలేక ఆయన సినిమా ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరా ఒకటి 1913-14 ప్రాంతంలో తయారుచేసుకున్నాడు. 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో అదే 'లైకా' అనే పేరుతో జనం ముందుకొచ్చింది. అందులో ఫోకస్ కుదిరిందో లేదో చూసుకునే వీలు లేదు. మనం కూరలో ఉప్పు వేసినట్టు, దూరం కంటితో అంచనా కట్టి లెన్సు తిప్పుకోవడమే.

1932లో ఆ ఇబ్బంది తీరింది. ఆ ఏడాదే కొత్త లైకా, డ్రెస్డెన్‌లోని జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ వచ్చాయి. రెండిట్లోనూ లెన్సుతో జతపడిన రేంజ్‌ఫైండర్ ఉంది. అంటే, కెమెరాకి మన రెండు కళ్లలాగే ఎడంగా రెండు కిటికీలు. వాటిలోంచి ఒకే మనిషి రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండూ ఒకటవుతాయి. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. లైకాలో అయితే లెన్సు వెనక అంచుని ఆనుకుని ఒక చిన్న మీట ఉంటుంది. లెన్సు ముందుకి కదిలితే మీటా దాని వెంటే కదిలి, కిటికీలకి కబురందిస్తుంది. ఎంత ముచ్చటైన కాపురమో చూడండి!

కాంటాక్స్‌కి లుడ్విగ్ బెర్టెలే అనే నిపుణుడు 'సొనార్ ఎఫ్ 1.5' లెన్సు రూపొందించాడు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుతురొచ్చే ద్వారం అంత పెద్దదని గుర్తు. ఇలాంటివాటినే ఫాస్ట్ లెన్సులంటారు. మా కెమెరాది 1.4. దీపం వెలుగు చాలడానికి కారణం అదే.

కాని వెలుగు ఊరికే రాదు. ద్వారం పెద్దదైన కొద్దీ స్పష్టంగా కనిపించే మేర పలచబడిపోతుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుని ఎఫ్ 1.4 దగ్గర పూర్తిగా తెరిచి, మీటరు దూరంలో ఉన్న మనిషిని తీస్తే, ఆ మేర సుమారు మూడు సెంటీమీటర్లే. ముక్కుపుడక కుదిరితే చెవి దుద్దు చెదిరిపోతుందన్నమాట. ఇంకా దగ్గరకెళితే మరీ పలచన.

మీటలోనూ చిక్కుంది. ఎక్కడో ఆకాశం నుంచి మీటరు దూరం దాకా ఫోకస్ మార్చడానికి ఆ లెన్సు కదిలేది రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. అదే అర మీటరు దాకా రావాలంటే అయిదున్నర మిల్లీమీటర్లు కదలాలి. మీట అంత దూరం వెంట వెళ్లలేదు. పైగా మనం చూసే కిటికీ ఒకచోట, ఫొటో తీసే లెన్సు మరోచోట. దగ్గరకెళ్లిన కొద్దీ రెండూ వేరువేరు బొమ్మలు చూస్తాయి. సూది కంటికి మరీ దగ్గరగా పెట్టుకుంటే దారం ఎక్కదు కదా, అదే బాధ. అందుకని లెన్సుకి దాదాపు మీటరు దగ్గర అడ్డు పెట్టేశారు. అక్కడితో తిరగడం ఆగిపోతుంది.

ఆ అడ్డు దాటాలని చూసినవాళ్లూ ఉన్నారు. 1950లో జపాన్‌లో నిప్పన్ కొగాకు వారు ఎఫ్ 1.4 నికోర్ లెన్సు చేశారు. లైకా తరహా కెమెరాలకి బిగించుకునే రకమైతే అడుగున్నర దాకా తిరిగేది. కాని మూడున్నర అడుగుల తర్వాత రేంజ్‌ఫైండర్ చెయ్యి వదిలేసేది. టేపు పెట్టి కొలుచుకోవలసిందే! 1956లో లైట్జ్ వారు ఒక లెన్సుకి కళ్లద్దాలు తగిలించి, 48 సెంటీమీటర్ల దాకా తెచ్చారు. కాని అది ఎఫ్ 2. 1961లో కానన్ వారి 0.95, 1966లోనూ 1976లోనూ వచ్చిన లైట్జ్ వారి నాక్టిలక్స్‌లు... చీకటిని జయించిన ఈ మహామహులందరూ మీటరు దగ్గరే ఆగారు. మరోపక్క 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ లాంటి కెమెరాల్లో తీసే లెన్సులోంచే చూసుకోవచ్చు గనక వాటికీ మీట బాధ లేదు. రేంజ్‌ఫైండర్ తరహాలో లైకా వారి ఎఫ్ 1.4 లెన్సు 45 సెంటీమీటర్ల దాకా వచ్చింది 2023లో. అదీ చివరి కొంత దూరం వెనకనున్న తెర చూసుకుంటూ.

ఇదంతా చదివాక ఆ ఫొటో మళ్లీ తీసి చూశాను. చెయ్యి వణికితే గొలుసు కూడా వణకాలి కదా! ఇన్నాళ్లూ ఆ ముక్క నాకు తట్టనే లేదు. లెన్సు మీటరు దగ్గర ఆగింది. మీటరు దూరంలో ఉన్నది ఉయ్యాల గొలుసు. ఆ రోజు నా వేలికి లెన్సు ఇక తిరగనని గట్టిగానే చెప్పింది. నేనే వినిపించుకోలేదు.

మావారికి చూపిస్తే "సరే, కేసు కొట్టేశాం" అన్నారు.

ఆ ఊపులో నెగెటివుల కవరు వెతికించాను. దాని పక్కనే ఇంకో బొమ్మ ఉంది. జరగకముందు, నాలుగడుగుల దూరం నుంచి తీసినది. మనుషులు చిన్నగా ఉన్నారని అప్పట్లో ప్రింటు వేయించలేదు. మా మనవడు దాన్ని పెద్దది చేయించుకొచ్చాడు. లాంతరు వెలుగులో అమ్మ కళ్లు, నుదుటి కుంకుమ, పాప తల కింద పెట్టిన చెయ్యి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

అమ్మ పాపని చూడటం లేదు. కెమెరా పట్టుకున్న నన్ను చూస్తోంది.