గండికోట: కట్టినవారు, కాపాడేవారు

మన జిల్లావారికి గండికోటను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది పారే గండి అంచున ఉన్నందున ఆ కోటకు ఆ పేరు వచ్చింది. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. కొన్నేళ్ళుగా ఆ పేరు కోట్ల రూపాయల అంకెలతో కలిసి పత్రికలలో కనిపిస్తున్నది. ఆ అంకెలను చూసేముందు, ఈ కోట ఇన్ని శతాబ్దాలు ఎవరి ఖర్చుతో, ఏ ఏర్పాటుతో నిలిచిందో నెమరు వేసుకోవడం మంచిది.

1123లో కాకరాజు ఇక్కడ కోటకు పునాది వేశాడని స్థానిక చరిత్ర. తర్వాత విజయనగర ప్రభువుల కింద పెమ్మసాని నాయకులు తరతరాలుగా దీనిని ఏలారు. మాధవరాయస్వామి, రంగనాయకస్వామి ఆలయాలు, జుమ్మా మసీదు, ధాన్యాగారం, కత్తుల కోనేరు, రాయల చెరువు నేటికీ కనిపిస్తాయి. వీటిని వరుసగా చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. ఇది సైనికుల కోట మాత్రమే కాదు, జనం కాపురమున్న పట్టణం. గోడలకు పెట్టిన డబ్బుతో పాటు నీటికీ గింజకూ కూడా పెట్టుబడి పెట్టినందువల్లనే ఊరు నిలిచింది.

17వ శతాబ్దం నడుమ గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే అతనిని ఇక్కడే కలుసుకొని, చూసినదంతా వ్రాసిపెట్టాడు. మీర్ జుమ్లా వచ్చిన ఉత్తరాలను కాలివేళ్ళ సందుల్లోనూ, ఎడమచేతి వేళ్ళ మధ్యనూ ఇరికించుకొని, ఒక్కొక్కటే తీస్తూ ఇద్దరు కార్యదర్శులచేత జవాబులు వ్రాయించేవాడట! దస్త్రాల మధ్య జీవితం గడిపిన మనకు ఈ దృశ్యం నవ్వు తెప్పించక మానదు. అతడు ప్రభుత్వోద్యోగి మాత్రమే కాదు, వజ్రాల వ్యాపారి, సొంత ఓడలున్న వర్తకుడు కూడా. సర్కారు సొమ్ము ఏది, సొంత సొమ్ము ఏది అనే గీత ఆ ఒక్క మనిషిలోనే చెరిగిపోయింది. ఇక్కడ అతడు ఫిరంగులు పోత పోయించాడు. ఆ ఖర్చు యుద్ధానికి అక్కరకు వచ్చి ఉండవచ్చు కాని, ఊరికి మిగిల్చింది తక్కువ.

ఇందుకు భిన్నమైన ఏర్పాటు ఒకటి మన రాయలసీమలోనే ఉండేది. దాని పేరు దశబంధం ఇనాం. సొంత డబ్బుతో చెరువో బావియో కట్టించినవారికి, లేక మరమ్మతు చేయించినవారికి, సర్కారు కొంత భూమిని పన్ను లేకుండా గాని, తక్కువ పన్నుతో గాని ఇచ్చేది. షరతు ఒక్కటే: ఆ చెరువును ఎప్పటికప్పుడు బాగుచేయిస్తూ ఉండాలి. బాధ్యత వదిలేసినవాడికి ఇనాం మీద హక్కు లేదు. ప్రభుత్వమూ ప్రైవేటు వ్యక్తులూ కలిసి పెట్టుబడి పెట్టడం కొత్త సంగతి కాదని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఆ పద్ధతిలో కట్టడమూ, కాపాడటమూ ఒకే ఒప్పందంలో ఉండేవి.

1791లో కెప్టెన్ లిటిల్ టిప్పుసుల్తాను నుంచి గండికోటను పట్టుకున్నాడు. 1800లో దత్తమండలాలు కుంఫిణీ పాలన కిందికి వచ్చాయి. కోటలతో పని తీరిపోయింది. వ్యాపారం జమ్మలమడుగు, ప్రొద్దుటూరు బజార్లలో పెరిగింది. ఒకప్పటి పట్టణం కోటలోపలి పల్లెగా మిగిలింది.

ఇప్పుడు మళ్ళీ పెట్టుబడులు వస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వపు వారసత్వ కట్టడాల దత్తత పథకం కింద 2018 ఏప్రిల్‌లో దాల్మియా సంస్థ ఢిల్లీ ఎర్రకోటతో పాటు గండికోటను కూడా దత్తత తీసుకున్నది. 2023 జూలైలో ఒబెరాయ్ హోటలుకు అప్పటి ముఖ్యమంత్రి శ్రీ జగన్మోహన్ రెడ్డి శంకుస్థాపన చేశారు. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 ఆగస్టు 1న ముఖ్యమంత్రి శ్రీ చంద్రబాబునాయుడు ఆ పనులకు శంకుస్థాపన చేశారు. ఆ 78 కోట్లు దానం కాదు, రాష్ట్రానికిచ్చిన యాభై ఏళ్ళ వడ్డీలేని రుణం. అంటే తీర్చవలసినది మన మనుమల తరం.

అదే పెన్నమీద 26.85 టీఎంసీల గండికోట జలాశయం కూడా ప్రజాధనంతో కట్టినదే. దానివల్ల పొలాలకు నీరు వచ్చింది. దానికోసం తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళవారు ఇళ్ళూ వాకిళ్ళూ వదులుకున్నారు. పెట్టుబడి లెక్కలో ఈ పద్దు కూడా వ్రాసుకోవాలి. కోటలోపల ఉన్నవారి సంగతీ ఉన్నది. రక్షిత కట్టడానికి వంద మీటర్లలోపు కొత్త నిర్మాణం కూడదని 2010 నాటి చట్ట సవరణ చెబుతున్నది. పాత ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. రాళ్ళను కాపాడటానికి ఆ నియమం అవసరమే. కాని పక్కన పెద్ద హోటలు లేస్తూ, తరతరాలుగా అక్కడున్న రైతుకు చూరు సరిచేసుకునే దారి దుర్లభమైతే, ఆ అభివృద్ధిని ఊరివారు తమదిగా ఎట్లా భావిస్తారు?

శంకుస్థాపన ఫలకాలు ఎన్నిటినో మనం చూశాము. అంచనాలు వేశాము, బిల్లులు పాస్ చేశాము. కొత్త భవనానికి నిధులు తేవడం సులభమనీ, మరుసటి ఏడాది దాని సున్నానికీ, కాపలాకూ నిధులు తేవడమే కష్టమనీ మనకంటె బాగా తెలిసినవారు ఎవరు? కనుక మనం అడగవలసిన ప్రశ్నలు మూడు. నిర్వహణకు ఏటా ఎంత కేటాయించారు? అది ఎవరి బాధ్యత? ఉద్యోగాలలో గండికోట, జమ్మలమడుగు యువకులకు వాటా ఎంత?

ఈసారి మనుమలతో గండికోటకు వెళ్ళినప్పుడు గండిలోకి తొంగిచూసి, ఫొటో తీసుకొని తిరిగిరాకండి. ధాన్యాగారమూ, చెరువూ కూడా చూపించండి. కట్టినవారి పేరు ఫలకం మీద ఉంటుంది. కాపాడినవారి పేరు ఎక్కడా ఉండదు. అయినా ఈనాడు మనం చూస్తున్నదంతా వారి చలవే అని పిల్లలకు చెప్పండి.