గండికోట: రేనాటి కథాగాన సంప్రదాయం

పెన్నా, కుందూ నదుల సీమలోని నల్లరేగడి నేలకు రేనాడు అని పేరు. మనకు దొరికినంతలో తొలి తెలుగు శాసనం ఇక్కడిదే. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు దాన్ని వేయించాడు. రాతిమీద రాత అంత పాతదైనా, ఈ సీమ తన వీరుల కథల్ని దాచుకున్నది మాత్రం నోళ్లలోనే.

జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, పెన్నా లోయ అంచున ఉన్న గండికోటనే తీసుకుందాం. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే వచ్చి అతన్ని ఇక్కడే కలుసుకున్నాడు. జనం చెప్పుకునే కథ వేరు. కోటనేలుతున్న పెమ్మసాని చిన్న తిమ్మానాయుడు ఓడలేదని, మంత్రి పొదిలి లింగన్న లంచానికి లొంగి విషం పెట్టించాడని అంటారు. కోనేటిని చూపించి, ఇందులోనే కత్తులు కడిగారని, నీళ్లు ఎర్రబారాయని ఇప్పటికీ చెబుతారు. కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి స్థానిక చరిత్రలు రాయించుకున్నప్పుడు కాగితమెక్కినవాటిలో గండికోట కైఫీయతు కూడా ఉంది.

ఇలాంటి కథల్ని ఊళ్లకు మోసినవాళ్లలో జంగాలు ముఖ్యులు. తంబుర కథ, జంగం కథ, బుర్రకథ అని పేర్లు మారినా తీరు దాదాపు ఒకటే. భుజాన తంబుర, బొటనవేలికి అందె పెట్టుకుని కథకుడు ముందుకూ వెనక్కూ అడుగులేస్తూ పాడతాడు. అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతలు తందాన అందుకుంటారు, మధ్యలో ప్రశ్నలేసి కథను నడిపిస్తారు, నవ్విస్తారు.

రేనాటి కథల్లో అందరి నోళ్లలో నానింది ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. కుంఫిణీ అతనికి ఇచ్చే భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ కాస్తకూ తిప్పించుకున్నారన్న అవమానం, చేజారిన మాన్యాల మీద రైతులకున్న కోపం కలిసి 1846లో తిరుగుబాటు రేగింది. కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. 1847 ఫిబ్రవరి 22న జనం చూస్తుండగా అతన్ని కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను అక్కడి కోట బురుజుకు వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. ఆ తలను చూస్తూ ఒక తరం పుట్టి పెరిగింది. భయపెట్టడానికి పెట్టిన తల పాటకు ప్రాణం పోసిందనే నా నమ్మకం.

1866 కరువులో ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి మీదా ఇక్కడ పాటలు పుట్టాయి. ఇద్దరిదీ ఉయ్యాలవాడే. ఒకరు కత్తి పట్టారు, ఒకరు గరిటె పట్టారు, పాట ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది. ఈ పాటల్ని తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి ‘రేనాటి సూర్యచంద్రులు’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. 2019 నాటి సినిమా పేరులోని ‘సైరా’ కూడా జనం పాట పల్లవి నుంచి వచ్చిందే.

ఇటీవలి కాలంలో ప్రభుత్వం గండికోట ఉత్సవాలు జరుపుతోంది. 2020 జనవరిలోనూ జరిగాయి. కోటలో ఇలా జనం పోగవడం మంచిదే. అయితే తంబుర కథకు కొద్ది నిమిషాల వేదిక చాలదు. నరసింహారెడ్డిని గుర్రమెక్కించడానికే కథకుడికి సగం రాత్రి పడుతుంది.