కుక్కర్ నుంచి క్లినిక్ దాకా

పుట్టుమచ్చ తీయించుకోవడానికో, చర్మం మీద చిన్న గడ్డ కోయించుకోవడానికో క్లినిక్‌కి వెళితే గంటలో ఇంటికి వచ్చేస్తాం. అడ్మిట్ కావడం, మంచం, ఏమీ ఉండవు. ఆ చిన్న పనికి ట్రేలో పెట్టిన కత్తెర, పట్టకారు వెనక మాత్రం చాలా పెద్ద కథ ఉంది.

ముందు ఒక మాట గురించి. ఇంట్లో మనం అన్నిటికీ "శుభ్రం" అంటాం. కడిగిన గిన్నె శుభ్రం, తుడిచిన గచ్చు శుభ్రం. సర్జరీకి అది చాలదు. పరికరం మీద బతికున్న సూక్ష్మజీవి ఒక్కటి కూడా ఉండకూడదు. దీన్ని "స్టెరిలైజ్ చేయడం" అనే అందరూ అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

1865 ఆగస్టులో గ్లాస్గోలో జేమ్స్ గ్రీన్‌లీస్ అనే 11 ఏళ్ల అబ్బాయి కాలి మీదుగా బండి చక్రం వెళ్లింది. ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. ఆ రోజుల్లో అలాంటి గాయం చీము పట్టేది. చాలామందికి కాలు తీసేసేవారు, లేదా ప్రాణమే పోయేది. జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ అప్పటికే పాశ్చర్ రాసినవి చదివాడు. గాయానికి కార్బాలిక్ ఆసిడ్‌లో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు. చీము పట్టలేదు, కాలు దక్కింది. 1867లో లిస్టర్ ఈ పద్ధతి గురించి లాన్సెట్ పత్రికలో రాశాడు.

కానీ మందునీళ్లతో ఒక బాధ ఉంది. అవి క్రిములతో పాటు మనుషుల చర్మాన్నీ కాల్చేవి. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కెరొలైన్ హాంప్టన్ అనే నర్సు చేతులు ఇలాంటి మందు వల్లే పాడయ్యాయి. ఆమె కోసం సర్జన్ హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ కంపెనీ చేత పల్చటి రబ్బరు గ్లవ్స్ చేయించాడు. 1890లో వాళ్లిద్దరికీ పెళ్లయింది! అంటే గ్లవ్స్ మొదట వచ్చింది పేషెంటు కోసం కాదు, నర్సమ్మ చేతుల కోసం.

పరికరాలకు అసలు జవాబు ఆవిరి. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ధనుర్వాతం తెచ్చే క్రిమి లాంటివి గట్టి పెంకు ఉన్న బీజాలుగా మారి ఆ వేడిని తట్టుకుంటాయి. మూత బిగించి ఒత్తిడి పెంచితే ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది, అప్పుడు అవీ చస్తాయి. మన ప్రెషర్ కుక్కర్‌లో పప్పు త్వరగా ఉడికే సూత్రం ఇదే. కుక్కర్‌కి మూలమైన పాత్రను డెనిస్ పాపిన్ 1679లో చూపించాడు. సరిగ్గా 200 ఏళ్లకు, 1879లో, పాశ్చర్ దగ్గర పనిచేసే షాంబర్లాండ్ ఆటోక్లేవ్ చేశాడు. ఇంత తేలికైన విషయానికి అన్నేళ్లు పట్టడం నాకు వింతగానే ఉంటుంది.

అయితే కుక్కర్‌లాగా మూడు విజిల్స్ లెక్కపెట్టి దించేస్తే కుదరదు. 121 డిగ్రీల్లో కనీసం 15 నిమిషాలు ఉంచాలి, పొట్లం కట్టినవాటిని ఇంకా ఎక్కువసేపు. అంతకంటే ముందు బ్రష్‌తో రుద్ది కడగాలి. కత్తెర కీలులో ఎండిన రక్తం మిగిలితే ఆవిరి దాని కిందికి పోదు. మా గుడిలో పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ప్రతి బిడ్డకూ కొత్త బ్లేడు వాడతారు. క్లినిక్‌లోనూ బ్లేడు, సూది ఒకసారి వాడి పారేస్తారు. పట్టకారు, కత్తెర మళ్లీ వాడేవి, కాబట్టి భయమంతా వాటి దగ్గరే. హెపటైటిస్ బి లాంటి వైరస్‌లు కంటికి కనిపించనంత రక్తంతో కూడా ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లగలవు.

చర్మం మీద చేసే చిన్న సర్జరీల్లో గాయానికి ఇన్ఫెక్షన్ రావడం తక్కువే, మామూలుగా నూటికి ఒకరిద్దరికి. 2016లో జామా డెర్మటాలజీ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఇలాంటి చిన్న సర్జరీల్లో స్టెరైల్ గ్లవ్స్ వాడినా, డబ్బాలోంచి తీసిన మామూలు గ్లవ్స్ వాడినా ఇన్ఫెక్షన్‌లో తేడా కనిపించలేదు. గ్లవ్స్ ఖర్చు తగ్గించుకోవచ్చని కొందరు డాక్టర్లు సంతోషించి ఉంటారు. కత్తెరకు మాత్రం ఆ సడలింపు లేదు. అది ఇప్పటికీ ఆటోక్లేవ్‌లోంచే రావాలి, పొట్లం మీద అంటించిన టేపు గీతలు నల్లబడి ఉండాలి.