పొద్దుటి ముంత ఎవరు నింపారు?

మా అమ్మాయి విజయనగరంలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఉదయం డ్యూటీ ఉన్న రోజున ఆరు కొట్టేసరికి చీపురుపల్లిలో ఇల్లు వదలాలి. రెండేళ్ళ మనవరాలు అప్పటికి నిద్ర లేచీ లేవకుండా ఉంటుంది. బస్సెక్కిన పావుగంటకల్లా ఫోన్. "అమ్మా, పిల్ల ఏవైనా తిందా?" ఆ ప్రశ్న అల్లుడికి వెళ్ళదు. అతను ఇంట్లోనే పేపరు చదువుకుంటూ ఉంటాడు. మంచివాడే, అడిగితే పిల్లని ఎత్తుకుంటాడు కూడా. కానీ పిల్ల తిన్నదా లేదా అన్న బెంగ మాత్రం బస్సెక్కి వెళ్ళిన మనిషి వెంటే వెళుతుంది.

ఆ మధ్య ఓ పత్రికలో "ఐదు నిమిషాల్లో మీ చిన్నారికి పౌష్టికాహారం" అన్న శీర్షిక చూశాను. అందులో తల్లి బొమ్మ ఉంది, బిడ్డ బొమ్మ ఉంది. తండ్రి బొమ్మ లేదు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కదా, నాకో సందేహం వచ్చింది. ఈ ఐదు నిమిషాలు ఎవరివి? అంతకుముందు ఎన్ని గంటలు పడితే ఈ ఐదు నిమిషాలు తయారయ్యాయి?

మా అమ్మమ్మ దగ్గర మొదలు పెడతాను. ఆవిడ చోళ్ళని సోళ్ళనేది. మిగతా చోట్ల రాగులంటారు. మా వైపు పేదిళ్ళలో పొద్దుటి తిండంటే చోడంబలి. రాత్రి పిండి కలిపి కుండలో పులియబెట్టడం, పొద్దున్నే ఎసట్లో గుప్పెడు నూకలు వేసి ఉడికాక ఆ పిండి పోసి కలియబెట్టడం, చల్లారాక కాస్త మజ్జిగ, ఓ ఉల్లిపాయ ముక్క. పెద్దవాళ్ళకి ముంతతో, పిల్లలకి చిప్పతో. నమలక్కర్లేదు, వేడి చేసి పెట్టక్కర్లేదు. పొలానికి పోయినా, పనికి పోయినా కుండలో ఉంటుంది. ఆకలేసిన పిల్ల తనే ముంచుకోవచ్చు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఇంతకన్నా "తొందరగా అయ్యే ఆరోగ్యకరమైన" ఫలహారం ఏముంది?

కానీ ఆ పిండి ఆకాశంలోంచి ఊడిపడలేదు. రెండో కోడి కూసేసరికి అమ్మమ్మ తిరగలి ముందు కూర్చునేది. చోళ్ళు విసరడం, గంటెలు దంచడం, వడ్లు దంచడం అన్నీ తెల్లారకముందే అయిపోవాలి. మనం తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు సేకరించి పుస్తకాలు వేసుకున్నాం, మంచిదే. ఆ పాటలు నిద్ర ఆపుకోవడానికి కూడా పాడుకునేవారని అమ్మమ్మ చెబితేగానీ నాకు తెలీలేదు. "పాట ఆగితే సెయ్యి ఆగిపోద్దే, సెయ్యి ఆగితే గుంటలకి ఏటి పెడతావు?" అనేది.

తిరగలి అయ్యాక ఆవిడ గనికి నడిచేది. మాంగనీసు గని. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మా ప్రాంతంలోనే, 1890ల తొలి ఏళ్ళలో. కోడూరు, గర్భాం పేర్లు భూగర్భ శాస్త్రవేత్తల పుస్తకాల్లో కనిపిస్తాయి. కోడూరు పేరుతో ఒక రాతికి కోడురైట్ అని పేరు కూడా పెట్టారు. తట్టలతో ఆ రాయి మోసిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు. అమ్మమ్మ చంటిబిడ్డని గుడ్డ ఉయ్యాల్లో చెట్టుకి కట్టి, పక్కన అంబలి ముంత పెట్టి, ఆరేళ్ళ మా పెద్దమ్మని కాపలా ఉంచేదట. అంటే ఆ ఉదయాలు మా పెద్దమ్మ బడి మింగేశాయి. తల్లికి తీరిక లేనప్పుడు ఆ పని ఇంకో ఆడపిల్ల నెత్తికెత్తడం మన ఇళ్ళలో అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఇప్పుడు ఆ ఆడపిల్లని నేనే. కాకపోతే వయసు అరవై దాటింది.

చట్టం ఏమీ లేకపోలేదు. గనుల్లో పిల్లల గదులు ఉండాలన్న నియమాలు 1946లోనే వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను యాభైమందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకి గది ఉండాలంది. 1976లో ఆ సంఖ్యని ముప్ఫైకి తగ్గించారు. ఆ పిల్లలకి ఉచితంగా పాలో, చిరుతిండో ఇప్పించేలా నియమాలు చేసే వీలు కూడా ఆ సెక్షనులోనే ఉండేది. అంటే బిడ్డ తిండి తల్లి ఒక్కదాని పూచీ కాదు, ఆమె శ్రమతో లాభపడేవాళ్ళ పూచీ కూడా అని కాగితం మీద ఒప్పుకుని డెబ్భై ఏళ్ళు దాటింది. అమ్మమ్మకి మాత్రం చెట్టు కొమ్మే పిల్లల గది.

ఇక బియ్యం సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో సర్కారు కోస్తాలో బియ్యం మరలు పెరిగాయి. ఆడవాళ్ళ చేతుల్లోంచి రోకలి దిగింది. అది చిన్న విషయమా? దంపుడు బియ్యం గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఒక్క వారం రోకలి పట్టి చూడాలి. అయితే ఆ మర తవుడుతోపాటు ఇంకొకటి కూడా తీసుకుపోయింది. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. మద్రాసు రాజధానిలో ఆ జబ్బు పాతుకుపోయిన ప్రాంతం మన ఉత్తర సర్కారులే. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో అంతగా లేదు, మరపట్టిన పచ్చి బియ్యం తినే మన దగ్గర ఉంది. తవుడులో ఉండే థయామిన్ అనే బి1 విటమిను పోవడమే కారణం. తర్వాతి కాలపు పోషకాహార పట్టికల ప్రకారం వంద గ్రాముల దంపుడు బియ్యంలో 0.21 మిల్లీగ్రాముల థయామిన్ ఉంటే, మరపట్టిన బియ్యంలో ఉన్నది 0.06. ఉన్న ఆ కాస్తా కడుగునీళ్ళలో కొంత, వార్చిన గంజిలో కొంత పోతుంది.

1941లో కూనూరు ప్రయోగశాల డైరెక్టరు ఐక్రాయిడ్, ఆయన సహచరుడు కృష్ణన్ ఈ బెరిబెరి ప్రాంతంలో శిశు మరణాల గురించి రాశారు. తల్లి పైకి బాగానే కనిపిస్తుంది. పాలు తాగే రెండు నుంచి ఐదు నెలల పసికందు ఉన్నట్టుండి పోతుంది. తల్లి తిన్న అన్నంలో లేనిది పాలలోకి ఎలా వస్తుంది? బిడ్డకి మొదటి పొద్దుటి తిండి తల్లి తిన్న తిండే కదా. పైగా బాలింత పథ్యమని ఆ తల్లికి పప్పు, కూర కూడా కట్టేసే రోజులు. మా ఇళ్ళలో అలా పోయిన బిడ్డల్ని "గాలి సోకింది" అనుకునేవారు. తల్లి పాలు చెడ్డవన్నవాళ్ళూ ఉన్నారు. మర ఎవరు పెట్టారో, పథ్యం ఎవరు నిర్ణయించారో అడగలేదు. తప్పు ఆమె రొమ్ములో వెతికారు.

అంబలి తాగే కూలి ఇంటికి ఈ విషయంలో ఓ చిన్న రక్షణ ఉండేది. చోళ్ళని పొట్టుతోనే విసురుతారు. కాల్షియం సంగతి చూస్తే వంద గ్రాముల చోళ్ళలో 344 మిల్లీగ్రాములుంటే, మరపట్టిన బియ్యంలో పది. అలాగని పేదరికానికి పూలదండ వెయ్యను. అమ్మమ్మకి అంబలంటే ఇష్టం కాదు, గతి. "మా ఇంట్లో పొద్దున్న కూడా అన్నమే" అని చెప్పుకోవడం ఆవిడ జీవితాశయం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు తిరగలిని పెరట్లోకి గెంటేసింది. మళ్ళీ లోపలికి తేనివ్వలేదు. పొలాల్లోంచి చోళ్ళు, గంటెలు తగ్గిపోయినందుకు వ్యవసాయ శాస్త్రవేత్తలు బాధపడవచ్చు. ఆ తిరగలి గెంటివేతలో ఒక స్త్రీ విడుదల ఉందని కూడా రాయాలి కదా.

నా వంతు 1990లో వచ్చింది. ప్రసూతి సెలవు అయిపోయింది, పల్లెటూరి బడిలో ఉద్యోగం. పిల్లకి పొద్దున్నే డబ్బా పిండి వేడినీళ్ళలో కలిపి పెట్టి పరుగెత్తేదాన్ని. ఓ డాక్టరుగారు పిల్ల బరువు చూసి, "చదువుకున్న తల్లివి, డబ్బాలు పెడతావా?" అని పదిమందిలో కసిరారు. డబ్బా మీద బొద్దు పాప బొమ్మ చూసి కొన్నదాన్ని నేనే, నిజం. కానీ ఆ బొమ్మ వేసినవాళ్ళని ఎవరూ కసరలేదు. పోతపాల కంపెనీల ప్రచారం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి 1981లో వచ్చింది. మన దేశంలో చట్టం 1992లో వచ్చాక డబ్బాల మీద పిల్లల బొమ్మలు, ప్రకటనలు నిషేధమయ్యాయి. 2003లో దాన్ని ఇంకా బిగించారు. అంటే మోసం కంపెనీలదని చట్టమే ఒప్పుకుంది. నన్ను కసిరిన మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్ వల్లే అంగన్‌వాడీ మన ఊళ్ళకి వచ్చింది. అమ్మమ్మ కాలంలో చెట్టుకొమ్మకి వేలాడిన బాధ్యతని ప్రభుత్వం కొంతైనా భుజానికెత్తుకున్న సందర్భం అది. కానీ ఆ బరువు మోస్తున్నదెవరు? మళ్ళీ ఆడవాళ్ళే. వాళ్ళకిచ్చేది జీతం కాదు, "గౌరవ వేతనం". 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకి దిగారు. 42 రోజులు. మధ్యలో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అని చట్టం ప్రయోగించేటప్పుడు గుర్తొచ్చింది, వేతనం ఇచ్చేటప్పుడు గుర్తు రాలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. అంగన్‌వాడీ తలుపు తీసేసరికి మా అమ్మాయిలాంటివాళ్ళు, కూలికెళ్ళేవాళ్ళు, చేపల బుట్టలెత్తుకెళ్ళేవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటారు. ఆ మధ్య గంటలు ఇంకా ఎవరి లెక్కలోనూ లేవు.

ఇప్పుడు చోళ్ళకి మళ్ళీ మర్యాద వచ్చింది. 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరమంది. నేనూ తిరగలి మానేసి, మరపట్టించిన చోళ్ళతోనే నెట్టుకొస్తున్నాను. చోళ్ళు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి మరపట్టిస్తాను. కాస్త వేయించిన పెసరపప్పు, వేరుశనగ గుళ్ళు కూడా పొడి చేసి కలుపుతాను. గుళ్ళు గుళ్ళుగా పెడితే ఈ వయసు పిల్లలకి గొంతులో అడ్డం పడతాయి. మొలకెత్తిన గింజ పిండితో జావ పలచగా జారుతుంది, కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టించవచ్చు. బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం 1980లలో పసిపిల్లల ఆహారం కోసం ఈ కిటుకు మీదే పనిచేసింది. చిన్న పొట్ట, ఎక్కువ బలం. పొద్దున్న రెండు చెంచాల పిండి చన్నీళ్ళలో కలిపి, మరిగే పాలూనీళ్ళలో పోసి తిప్పితే ఐదు నిమిషాలు. ఓ అరటిపండు ముక్క నలిపి వేస్తే బెల్లం కూడా అక్కర్లేదు. ఒక్కో రోజు ఉడికించిన గుడ్డు సగం.

అయిదు నిమిషాలే. వెనకాల మూడు రోజులు.

కిందటి నెల ఆ మూడు రోజుల పనీ అల్లుడికి అప్పజెప్పాను. మొదటిసారి మొలకలు కుళ్ళబెట్టాడు. రెండోసారి పిండి మాడింది. మూడోసారి కుదిరింది. అవాళ పొద్దున్న ఫోన్ మోగితే ఎత్తి అతని చేతిలో పెట్టాను. "తిందా?" అంది అమ్మాయి అవతల. "ఆఁ, సగం తిన్నాది, సగం నా చొక్కా మీదుంది" అన్నాడు. బస్సులో అది నవ్విన నవ్వు నాకిక్కడ వంటింట్లోకి వినిపించింది. ఇంట్లో ఈ లెక్క ఒకరోజుకి సరిపోయింది. గని యజమాని, కంపెనీ, ప్రభుత్వం చెల్లించాల్సిన లెక్కలు మాత్రం అలాగే ఉన్నాయి.