గడ్డకట్టని నీరు, పగులని గొట్టము

నీరు మంచుగడ్డగా మారునపుడు దాని ఘనపరిమాణము సుమారు 9 శాతము పెరుగును. ఇనుప గొట్టమునైనను పగులగొట్టుటకు ఆ పెరుగుదల చాలును. కృష్ణా గోదావరీ తీరవాసులకు ఈ చింత లేదు గాని, అమెరికా ఉత్తర రాష్ట్రములలో ప్రతి చలికాలమునను ఇది గృహస్థులను వేధించు సమస్య. నీటిలో మరియొక ద్రవమును కలిపి, అది గడ్డకట్టు ఉష్ణోగ్రతను దించుట వారు చేసికొనిన ఉపాయము.

ఆ ద్రవముల పుట్టుక మోటారుకారు కంటె పూర్వపుది. 1779లో స్వీడను రసాయన శాస్త్రజ్ఞుడు షీలె ఆలివ్ నూనెనుండి తియ్యని జిగట ద్రవమును వెలికి తీసెను. నేటి గ్లిసరిన్ అదియే. 1856లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వుర్ట్జ్ ఎథిలీన్ గ్లైకాల్‌ను తయారుచేసెను. కార్ల రేడియేటరులలో ఇది స్థిరపడినది, కాని విషపదార్థము. అందుచేత త్రాగునీటితో సంబంధము గల చోట్ల ప్రొపిలీన్ గ్లైకాల్‌ను ఎన్నుకొనిరి.

ఇండ్లలో అగ్నిప్రమాద సమయమున పైకప్పునుండి నీరు చిమ్ము అమరికకు అమెరికాలో 1975లో ప్రత్యేక నియమావళి వెలువడెను. 1980 దశకమున ఆ పనికి సి.పి.వి.సి. గొట్టములు వచ్చినవి. పి.వి.సి.కి మరికొంత క్లోరిన్ చేర్చి, వేడికి తాళునట్లు చేసిన ప్లాస్టిక్ ఇది. తేలికైనది, తుప్పుపట్టనిది. కాని ఇనుము పట్టించుకొనని ద్రవమును ఇది సహింపలేకపోయెను.

ప్లాస్టిక్ అనునది పొడవైన అణుమాలికల పెనవేత. ప్రొపిలీన్ గ్లైకాల్ ఆ మాలికల నడుమ చొరబడి వాని పట్టును సడలించును. గొట్టము కరగిపోదు; వంచి బిగించిన చోటను, అతుకుల వద్దను కొంతకాలమునకు సన్నని బీటలు వారును. నిప్పు నార్పవలసిన నాడు గొట్టము వట్టిదై యుండవచ్చును. గ్లిసరిన్‌కు ఈ దోషము లేదు. కనుకనే సి.పి.వి.సి. గొట్టములలో ప్రొపిలీన్ గ్లైకాల్‌ను నిషేధించి, షీలె నాటి గ్లిసరిన్‌ను అనుమతించిరి.

చిక్కు అంతటితో తీరలేదు. ఈ ద్రవములు స్వయముగా మండునవి. 2009లో కాలిఫోర్నియాలోని ట్రకీ పట్టణమున, వంటింటి మంటపై చిమ్మిన గాఢమైన మిశ్రమము భగ్గున అంటుకొనగా ఒకరు మరణించిరి. మరుసటి సంవత్సరమే హెచ్చరికలు వెలువడినవి. పిదప, పరీక్షలో నెగ్గిన ద్రవములను మాత్రమే వాడవలెనను నియమమేర్పడెను.

చలిని గెలిచిన ద్రవము గొట్టమునకు మిత్రము కావలెను. నిప్పుకు ఆహారము కారాదు. మన ఇండ్లలోను నేడు వేడినీటికి సి.పి.వి.సి. గొట్టములే విరివిగా వాడుచున్నారు. వానికి తగులునట్లు చెదలమందునో, నూనెతో కూడిన లేపనమునో వాడబోవు ముందు, అది ఆ ప్లాస్టిక్‌కు సరిపడునా యని విచారించుట మేలు. బీట బయటపడునప్పటికి అది గోడ లోపల నుండును.